బటన్ నొక్కితే వెలుగుతుంది, మరి ఎందుకు ఆరింది?

"ఒరేయ్ తమ్ముడూ, మళ్లీ ఆగిపోయిందిరా." అక్క ఫోన్ చేసేసరికి మాకు మధ్యాహ్నం మూడున్నర. వాళ్లుండే కనెక్టికట్‌లో తెల్లవారుజాము 5 గంటలు. బయట మంచు, లోపల చల్లారిన హీటర్, దాని మీద ఎర్ర లైటు. బటన్ ఒక్కసారి నొక్కితే బుస్సుమని అంటుకుంటుంది, ఇక రోజంతా బుద్ధిగా మండుతుంది. మెకానిక్ రెండుసార్లు వచ్చి చూశాడు. డాక్టరు గుమ్మంలో అడుగుపెట్టగానే పంటినొప్పి మాయమైనట్టు, అతనున్నంతసేపూ దానికి ఏ రోగమూ లేదు.

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఇప్పటికీ చాలా ఇళ్లు చలికాలమంతా ఆయిల్ మండించే వెచ్చబడతాయి. మెయిన్ రాష్ట్రంలోనైతే సగానికి పైగా ఇళ్లకు అదే దిక్కు. ఈ హీటింగ్ ఆయిల్ మన డీజిల్‌కి దగ్గరి చుట్టం. పన్ను కట్టిన బండి డీజిల్‌లో కలిసిపోకుండా దీనికి ఎర్ర రంగు వేస్తారు.

ఆయిల్ ద్రవంగా మండదు. ఆవిరై, గాలితో కలిస్తేనే మండుతుంది. పాత పంపు స్టవ్వు వాడిన ఇళ్లలో ఇది అందరికీ తెలుసు: ముందు గిన్నెలో స్పిరిట్ పోసి వెలిగించి గొట్టం కాగేదాకా ఆగాలి, లేకపోతే కిరసనాయిలు పొగలు కక్కుతూ మండుతుంది. హీటర్‌లో అంత ఓపిక ఉండదు. పంపు ఆయిల్‌ని 100 పీఎస్ఐ ఒత్తిడితో (కారు టైరులో ఉండే దానికి దాదాపు మూడు రెట్లు) సూది బెజ్జం లాంటి నాజిల్‌లోంచి తోస్తుంది. బయటికొచ్చేది తుంపర. ఫ్యాను గాలి కొడుతుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న రెండు కడ్డీల మధ్య 10,000 వోల్టుల నిప్పురవ్వ దూకుతుంది. మంట పుట్టేది అక్కడే.

పుట్టిందో లేదో చూడటానికి ఒక కన్ను ఉంటుంది. చిన్న గాజుబిళ్ల వెనక కాడ్మియం సల్ఫైడ్ పూత. సాయంత్రం కాగానే వాటంతటవే వెలిగే వీధిదీపాల్లో చాలాకాలం వాడిందీ దీన్నే. దీని మీద వెలుగు పడితే లోపలి ఎలక్ట్రాన్లు విడివడి కరెంటుకు దారి ఇస్తాయి. చీకట్లో లక్ష ఓమ్‌లు దాటే నిరోధం, మంచి మంట ముందు 1,600 ఓమ్‌ల లోపుకి పడిపోతుంది. బర్నర్ మొదలైన కొన్ని సెకన్లలో (కొన్ని కంట్రోళ్లలో 15, పాతవాటిలో 45) ఈ కన్నుకి వెలుగు కనబడకపోతే కంట్రోల్ పెట్టె అంతా ఆపేసి ఎర్ర లైటు వేస్తుంది.

అందుకే ఆ ఎర్ర లైటు చెప్పే 'ఫ్లేమ్ ఫెయిల్యూర్' (మంట లేదు) అనే మాటకి రెండు అర్థాలు. మంట అంటుకోలేదు అనేది ఒకటి. మంట ఉంది గానీ కన్నుకి ఆనలేదు అనేది రెండోది. కన్ను మీద మసి పట్టినా, వైరు వదులైనా రెండోది జరుగుతుంది. పార్టులు మార్చే ముందు ఈ రెండింట్లో ఏదో తేల్చుకోవాలి. చాలామంది మెకానిక్‌లు తేల్చకుండానే నాజిల్ మార్చేస్తారు, అదేమో పాపం బాగానే ఉంటుంది.

నేను ఫ్యాక్టరీలో ఆయిల్ బాయిలర్ల దగ్గర పనిచేసినవాణ్ని. ఇలా వచ్చిపోయే జబ్బులకు మీటరు కన్నా ముందు క్యాలెండర్ పనికొస్తుందని అక్కడే నేర్చుకున్నాను. "ఆగినప్పుడల్లా తేదీ, టైమూ, ఆ రాత్రి చలి ఎంతుందో రాసిపెట్టవే" అన్నాను. "బటన్ మాత్రం ఒక్కసారే నొక్కు. మళ్లీ ఆగితే ముట్టుకోకు."

ఈ రెండో మాట ఉత్తినే అనలేదు. నిప్పురవ్వ సరిగా లేక అంటుకోకపోతే, నొక్కిన ప్రతిసారీ కొంత ఆయిల్ లోపల గదిలో చేరుతుంది. చివరికి అంటుకున్నప్పుడు అదంతా ఒక్కసారిగా రేగుతుంది. డబ్బుమన్న చప్పుడు, ఇల్లంతా మసి. కొన్ని కొత్త కంట్రోళ్లు వరసగా మూడుసార్లు విఫలమైతే మామూలుగా నొక్కినా లేవవు. అది మన మంచికే.

అక్క క్యాలెండర్ ఫోటో పంపింది. పదకొండు గుర్తులు, అన్నీ తెల్లవారుజాము 5 గంటలకే. ఇంకో వింత: ఎముకలు కొరికే చలి రాత్రుల పక్కన ఒక్క గుర్తూ లేదు. చలి కాస్త తగ్గిన రోజుల్లోనే ఆగింది. నేనైతే చలికి ఆయిల్‌లో మైనం గడ్డకడుతోందనుకున్నాను. అదే నిజమైతే గుర్తులు సరిగ్గా తిరగబడి ఉండాలి. కన్ను మసకబారినా ఇంత వేళాపాళా ఉండదు, ఏ పూటైనా ఆగొచ్చు.

5 గంటలకు ఏమవుతోంది? రాత్రి పడుకునే ముందు థర్మోస్టాట్ (ఇంట్లో వేడి ఎంతుండాలో హీటర్‌కి చెప్పే పెట్టె) తగ్గిస్తారు, 5 గంటలకు దానంతటదే పెరుగుతుంది. చలి మరీ ఎక్కువైతే తగ్గించిన వేడి నిలబెట్టడానికైనా హీటర్ రాత్రంతా మధ్య మధ్య వెలగాల్సిందే. చలి తక్కువైతే ఏడు గంటలు పడుకుంటుంది. అంటే జబ్బు చలిది కాదు, విశ్రాంతిది.

వాళ్ల ట్యాంకు పెరట్లో భూమిలో ఉంది, బర్నర్ దానికన్నా ఎత్తులో. పంపు ఆయిల్‌ని కింది నుంచి తోడుకోవాలి. ఇక మిగతాది మన పొలం మోటారు కథే. ఫుట్‌వాల్వు కారినా, సక్షన్ పైపు జాయింటు వదులైనా రాత్రికి పైపులో నీళ్లు బావిలోకి దిగిపోతాయి. పొద్దున మోటారు వేస్తే బుడగలే తప్ప నీళ్లెక్కవు. నీళ్లు పోసి, జాయింటుకి పాత ట్యూబు ముక్క చుడితే గానీ దారికి రాదు. చిత్రమేమిటంటే సక్షన్ వైపు కన్నం పడితే బయటికి చుక్క కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే నేల మీద మరక కోసం వెతికిన మెకానిక్‌కి ఏమీ దొరకలేదు.

బటన్ ఎందుకు 'పనిచేస్తోందో' కూడా దీంతో తేలిపోయింది. మొదటి 15 సెకన్లు పంపు గాలినే లాగుతుంది, ఆయిల్ సగం దారిలో ఉండగా టైమైపోతుంది. నొక్కాక మిగతా సగం ఎక్కి మంట అందుకుంటుంది. పగలు విరామాలు చిన్నవి కాబట్టి ఆయిల్ దిగిపోయే వ్యవధే ఉండదు. మెకానిక్ వచ్చింది రెండుసార్లూ పగలే.

మూడోసారి వచ్చిన మనిషికి అక్క ముందు క్యాలెండర్ చూపించింది. అతను పంపు సక్షన్ వైపు వ్యాక్యూమ్ గేజీ (పంపు ఎంత గట్టిగా లాగుతోందో ముల్లుతో చూపేది) పెట్టాడు, ఆయిల్ దారిలో ఒక పారదర్శకమైన గొట్టం ముక్క బిగించాడు. ఫిల్టర్ మూసుకుపోతే పంపు ఈడ్చుకుంటూ ముల్లు పైకి పోతుంది. గాలి దూరితే ముల్లు ఎక్కాల్సినంత ఎక్కదు, గొట్టంలో బుడగలు పరిగెడతాయి. బుడగలే కనబడ్డాయి. ఫిల్టర్ మూత విప్పితే లోపల రెండు గాస్కెట్లు (సందులోంచి గాలి పోకుండా వేసే రింగులు). శీతాకాలం మొదట్లో సర్వీసు చేసినవాళ్లు, మూతకి అతుక్కున్న పాతదాన్ని గమనించకుండా కొత్తది దాని మీదే వేసి బిగించారు. మూత సరిగా కూర్చోక గాలి దూరుతోంది అక్కడే.

నాజిల్ కొస, కడ్డీలు మసిబారి ఉంటే తుడిచాడు. ఆ మసీ గాలి పనే. బర్నర్ ఆగాక, ఒత్తిడికి నలిగిన బుడగలు వ్యాకోచించి నాజిల్‌లోంచి రెండు చుక్కలు బయటికి తోస్తాయి. అవి వేడి మీద పడి మాడతాయి. కొన్నాళ్లుగా ఇంట్లో సన్నగా ఆయిల్ వాసన వస్తోందని అక్క అన్నది అందుకే.

ఒకే గాస్కెట్ వేసి మూత బిగించాక, ట్యాంకు దగ్గర వాల్వు మూసి, పంపుతో కాసేపు లాగించి ఆపేశాడు. ఇంకా ఎక్కడైనా గాలి దూరుతుంటే, ఎక్కిన ముల్లు మెల్లగా దిగిపోవాలి. అక్క వీడియో కాల్‌లో ఫోన్ గేజీ వైపు పట్టుకుంది. ఐదు నిమిషాలు చూశాం. ముల్లు కదల్లేదు.