ఒంట్లో ఉండేది 100 గ్రాములు, రోజుకు తయారయ్యేది 40 కిలోలు

ఏ పనీ చేయకుండా రోజంతా మంచం మీద పడుకున్న మనిషి కూడా ఆ 24 గంటల్లో ఒక పదార్థాన్ని దాదాపు 40 కిలోలు తయారు చేసి, చేసిందంతా అప్పటికప్పుడే ఖర్చు పెట్టేస్తాడు. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, వాడుకలో ఏటీపీ. మన కణాలు తమ పనులకు ఖర్చు పెట్టే శక్తి ఇందులోంచే వస్తుంది. ఏ క్షణాన లెక్క కట్టినా మన ఒంట్లో అది సుమారు 100 గ్రాములే ఉంటుంది. అంటే ఉన్న ఆ కాస్త సరుకే రోజుకు కొన్ని వందల సార్లు విరిగి, మళ్ళీ అతుక్కుంటుందన్న మాట.

40 కిలోలు అన్న అంకె మొదట చదివినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. కానీ ఇది కాగితం మీద ఎవరైనా సరిచూసుకోగల లెక్కే. విశ్రాంతిలో ఉన్న మనిషి నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటాడు. రోజుకు అది 360 లీటర్లు, రసాయన శాస్త్రం కొలతలో చెప్పాలంటే దాదాపు 16 మోల్‌లు. ఒక్కో ఆక్సిజన్ అణువు ఖర్చయినప్పుడు సుమారు 5 ఏటీపీ అణువులు తయారవుతాయి కాబట్టి, మొత్తం 80 మోల్‌లు. ఒక మోల్ ఏటీపీ బరువు 507 గ్రాములు. రెండూ గుణిస్తే 40 కిలోలు దాటుతుంది. ఆ మనిషి లేచి నాలుగు మెట్లెక్కినా, పొలంలో పలుగు పట్టినా ఆ లెక్క ఇంకా పైకే పోతుంది.

ఇంతగా తయారయ్యే దాన్ని శరీరం నిల్వ ఎందుకు చేసుకోదన్న సందేహం రావడం సహజం. నిల్వకు వేరే సరుకులున్నాయి. కొవ్వు గాదెలోని ధాన్యం లాంటిది. కాలేయంలోనూ కండరాల్లోనూ ఉండే గ్లైకోజెన్ వంటింటి డబ్బాలోని బియ్యం లాంటిది. ఏటీపీ మాత్రం జేబులోని చిల్లర. దాని అణువు చివర మూడు ఫాస్ఫేట్‌లు వరుసగా ఉంటాయి. మూడింటికీ రుణావేశమే కావడంతో, ఇరుకు బెంచీ మీద కూర్చున్నవాళ్ళలా అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. నీటితో చర్య జరిగి చివరి ఫాస్ఫేట్ ఊడిపోయినప్పుడు విడుదలయ్యే శక్తితోనే కండరం ముడుచుకుంటుంది, కణం కొత్త ప్రోటీన్‌లను కడుతుంది, నాడీకణం తనలోకి చొరబడిన సోడియంను బయటకు తోడుకుంటుంది. మన బరువులో 2 శాతం మాత్రమే ఉండే మెదడు, విశ్రాంతి వేళ శరీరం ఖర్చు పెట్టే శక్తిలో దాదాపు 20 శాతం తీసుకోవడానికి ఆ తోడుడే ఒక ప్రధాన కారణం.

శక్తినంతా కూడదీసుకుని పరుగు తీసినప్పుడు కండరంలోని ఏటీపీ రెండు మూడు సెకన్లకు మించి రాదు. చిల్లర అయిపోయిన ఆ క్షణంలో కండరం ఫాస్ఫోక్రియాటిన్ అనే పక్కింటి తలుపు తట్టి చేబదులు తెచ్చుకుంటుంది. విరిగిన ఏటీపీకి అది తన ఫాస్ఫేట్‌ను ఇచ్చి మళ్ళీ నిలబెడుతుంది. ఆ చేబదులుతో మరికొన్ని సెకన్లు, మొత్తం మీద సుమారు పది సెకన్లు గడుస్తాయి. 100 మీటర్ల పరుగులో చాలా భాగం ఇలా గడిచేదే.

ఈ చేబదులు సంగతిని బయటపెట్టిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్ వైద్య విద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే ఒక పద్ధతిని ప్రకటించారు. నమూనాకు ఆమ్లంతో కూడిన మాలిబ్డేట్‌ను కలిపి, ఆపైన మరో రసాయనాన్ని చేరిస్తే ద్రావణం నీలం రంగుకు తిరుగుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ప్రయోగశాలలు వాడిన పద్ధతి అది. అయితే పిల్లి కండరం నుంచి తీసిన ద్రవాన్ని ఆ విధంగా పరీక్షించినప్పుడు నీలం వెంటనే పూర్తిగా రాలేదు. సమయం గడిచేకొద్దీ మెల్లమెల్లగా చిక్కబడుతూ పోయింది. నమూనా పాడైందనుకుని పారబోసేందుకు తగిన సందర్భమే. వాళ్ళు పారబోయలేదు. కండరంలో విడిగా ఉందని అందరూ అనుకున్న ఫాస్ఫేట్‌లో అధిక భాగం నిజానికి క్రియాటిన్ అనే పదార్థానికి అతుక్కుని ఉందనీ, పరీక్షకు వాడిన ద్రావణంలోనే అది కొంచెం కొంచెంగా ఊడి రంగుకు చేరుతోందనీ తేల్చి, 1927లో ప్రచురించారు.

కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని నమ్మిన కాలమది. ఆ దిశలో పనిచేసిన ఆర్చిబాల్డ్ హిల్, ఒట్టో మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా అడ్డుకున్నా కప్ప కండరం ముడుచుకుంటుందనీ, అప్పుడు తరిగేది ఫాస్ఫోక్రియాటిన్ అనీ 1930లో డెన్మార్క్‌కు చెందిన ఐనార్ లుండ్స్‌గార్డ్ చూపడంతో ఆ సిద్ధాంతం నిలవలేదు. ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో ఫిస్కే, సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారు. సుబ్బారావు పేరు చెబితే మనవాళ్ళకు ముందుగా గుర్తొచ్చేవి మందులు. కోస్తా జిల్లాల్లో బోదకాలు నివారణకు ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్రల వెనుక ఉన్నదీ ఆయన బృందమే. అయినా నా దృష్టిలో ఆ నీలం రంగు దగ్గర ఆగి ఆలోచించడం వాటికేమీ తీసిపోదు.

ఇక ఆ 40 కిలోలు ఎక్కడ తయారవుతాయన్నది చూద్దాం. దాదాపు అన్ని కణాల్లోనూ ఉండే మైటోకాండ్రియా అనే చిన్న అరల్లో ఒక లోపలి పొర ఉంటుంది. ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్‌లు చేతులు మారుతూ చివరకు ఆక్సిజన్‌ను చేరి నీరుగా మారే దారిలో, ప్రోటాన్‌లు, అంటే ధనావేశమున్న హైడ్రోజన్ కేంద్రకాలు, ఆ పొరకు అవతలి వైపుకు తోడబడతాయి. ఆనకట్ట వెనుక నీరు నిలిచినట్టు ప్రోటాన్‌లు నిలుస్తాయనీ, అవి తిరిగి దిగే ఒరవడితోనే ఏటీపీ తయారవుతుందనీ 1961లో పీటర్ మిచెల్ చెప్పినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ పొరకు రెండు వైపులా ఉండే విద్యుత్ తేడా వోల్టులో ఆరో వంతో ఏడో వంతో మాత్రమే, కానీ పొర మందం మిల్లీమీటరులో రెండు లక్షల వంతు. ఆ ప్రకారం లెక్కిస్తే మీటరుకు సుమారు 3 కోట్ల వోల్టులు. గాలిలో నిప్పురవ్వ ఎగరడానికి మీటరుకు 30 లక్షలు సరిపోతాయి.

ఆ ప్రోటాన్‌లు దిగే చోట నిజంగానే ఒక చక్రం తిరుగుతుంది. ఏటీపీ సింథేజ్ అనే ఆ ఎంజైమ్‌లో 8 ప్రోటాన్‌లు దిగితే ఒక చుట్టు, ఒక చుట్టుకు 3 ఏటీపీలు. సెకనుకు వంద చుట్లు తిరగడం దానికి పెద్ద పని కాదు. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ ఎంజైమ్‌ను గాజు పలక మీద నిలబెట్టి, దాని ఇరుసుకు ఆక్టిన్ అనే ప్రోటీన్‌తో అయిన మెరిసే పోగు ఒకటి అతికించి, ఏటీపీ పోసి వెనక్కి నడిపించారు. ఆ పోగు గిర్రున తిరగడం సూక్ష్మదర్శినిలో కంటికి కనబడింది. తిరుగుడు ఎలా సాగుతుందో వివరించిన పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు నోబెల్ దక్కిందీ ఆ ఏడాదే.

ఎర్ర రక్తకణాలకు మాత్రం ఈ యంత్రం లేదు. ఎదిగేటప్పుడే అవి తమ మైటోకాండ్రియాను వదిలేసుకుంటాయి. ఊరందరికీ నీళ్ళు మోసి తాను గుక్కెడైనా తాగని మనిషిలా, అవి ఒళ్ళంతటికీ ఆక్సిజన్ చేరవేస్తూ తాము మాత్రం ఆక్సిజన్ అవసరం లేని పద్ధతిలో, ఒక గ్లూకోజ్‌కు రెండే ఏటీపీలతో సరిపెట్టుకుంటాయి.

ఏటీపీ ఆగిపోతే ఏమవుతుందో మనం చావు ఇంట్లో చూస్తూనే ఉంటాం. కండరం బిగుసుకోవడానికే శక్తి కావాలనుకుంటాం గాని, కండరంలో ఆక్టిన్ పోగును పట్టి లాగే మయోసిన్ అనే ప్రోటీన్ తల ఆ పోగును వదలాలన్నా ఒక ఏటీపీ వచ్చి కూర్చోవలసిందే. ప్రాణం పోయాక కొత్త ఏటీపీ రాదు, పట్టుకున్న తలలు పట్టుకున్నట్టే ఉండిపోతాయి. సాధారణంగా రెండు నుంచి నాలుగు గంటల్లో దవడ దగ్గర మొదలయ్యే ఆ బిగువు ఎండాకాలంలో మరింత త్వరగా వస్తుంది. కన్ను మూసిన వెంటనే పెద్దవాళ్ళు రెప్పలు వాల్చి, గడ్డం కింద నుంచి తలకు గుడ్డ కట్టి, కాళ్ళు చాపి బొటనవేళ్ళు జతచేసి కట్టడం ఆ కాస్త వ్యవధిలోనే సాధ్యం. ఒకటి రెండు రోజుల తరువాత ఆ బిగువు సడలుతుంది. అది కొత్త ఏటీపీ వచ్చినందువల్ల కాదు, పట్టుకుని ఉన్న ప్రోటీన్‌లే చివికిపోవడం వల్ల.