వయొలిన్ సాధన: తప్పు పడ్డాక ఏం చేస్తున్నాం అన్నదే లెక్క

సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇళ్లల్లో మామూలుగా వినిపించేది ఇదే, సరళీ వరస, అంటే మొట్టమొదట నేర్పే స రి గ మ పాఠం, ఎత్తుకుంటారు, మధ్యలో ఎక్కడో అపస్వరం పడుతుంది, వెంటనే మళ్లీ మొదటి సా నుంచి మొదలు. అలా గంట గడిస్తే ఇవాల్టి ప్రాక్టీస్ అయిపోయిందంటారు. నన్నడిగితే ఆ గంటలో చాలా భాగం వృథానే, ఎందుకంటే వచ్చిన స్వరాలనే మళ్లీ మళ్లీ వాయించారు, రాని చోట మాత్రం ప్రతిసారీ అదే తప్పు చేసి దాటేశారు. వేళ్లకి అది తప్పని ఏం తెలుసు, ఏది ఎక్కువసార్లు చేస్తే అదే అలవాటైపోతుంది.

ఈ వరసలు నేర్పే రాగం మాయామాళవగౌళనే తీసుకోండి. వయొలిన్ మీద సా ఖాళీ తీగలోనే పలుకుతుంది, రి కి చూపుడు వేలు, గ కి మధ్య వేలు, మ కి ఉంగరం వేలు. స నుంచి రి కి ఒక్క స్వరస్థానమే, అంటే హార్మోనియం మీద పక్క మెట్టంతే, దూరం, గ నుంచి మ కి కూడా అంతే, కానీ రి నుంచి గ కి మూడు స్థానాలు సాగాలి. మధ్య వేలు అంత చాచేసరికి చూపుడు వేలు కూడా దాని వెంట కాస్త జరిగిపోతుంది, ఇక అవరోహణలో మ గ రి అని దిగేటప్పుడు ఆ రి పైకి పలుకుతుంది. దీనికి మందు వరస మొత్తం ఇంకో పదిసార్లు వాయించడం కాదు. ఆ మూడు స్వరాలే పట్టుకుని, ఒకటో కాలం, అంటే అన్నిటికంటే నిదానమైన వేగం, కంటే కూడా మెల్లగా, ఒక్కో స్వరానికి కమాను నిండుగా లాగుతూ, రి దగ్గర ఆగి శృతి పెట్టెతో కలిపి విని, వేలు సరిచేసుకుని, అది కుదిరాకే ముందు ప, చివర స కలుపుకోవాలి.

ఇది పాతకాలపు చాదస్తం అనుకోకండి. 2009లో అమెరికాలో టెక్సాస్ యూనివర్సిటీ వాళ్లు 17 మంది పియానో స్టూడెంట్స్‌కి ఒక కష్టమైన చిన్న ముక్క ఇచ్చి ప్రాక్టీస్ చేయించి మర్నాడు వాయించమన్నారు, చూస్తే ఎంతసేపు కూర్చున్నారు, ఎన్నిసార్లు వాయించారు అన్నదానికీ మర్నాడు ఎంత బాగా వాయించారన్నదానికీ సంబంధం కనపడలేదు. బాగా వాయించినవాళ్లు కూడా మొదట్లో తప్పులు చేశారు, కాకపోతే తప్పు ఎక్కడుందో కచ్చితంగా పట్టుకుని, స్పీడ్ తగ్గించి, అక్కడికక్కడే సరిచేసుకున్నారు.

ఇంకోటి, మధ్యలో ఆగడం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2019లో ఒక ప్రయోగం చేశారు, కొత్తవాళ్లకి ఒక అంకెల వరుస ఇచ్చి మీటల మీద 10 సెకన్లు నొక్కించి 10 సెకన్లు ఆపారు. మొదట్లో వచ్చిన మెరుగుదల దాదాపు అంతా నొక్కేటప్పుడు కాదు, ఆ ఆగిన సెకన్లలోనే వచ్చింది! 2021లో కారణం కూడా కొంత బయటపడింది, చేతులు ఊరికే ఉన్నా మెదడు అదే వరుసని సుమారు 20 రెట్లు వేగంగా తిరగేసుకుంటోందట. అందుకని మ గ రి రెండు మూడుసార్లు వాయించి, కమాను దించి, ఊపిరి తీసుకుని మళ్లీ ఎత్తండి, పిల్లాడు ఖాళీగా కూర్చున్నాడని పక్కనుంచి కసరకండి.

నిద్ర మాటా అంతే. రాత్రి ఎంతకీ కుదరని సంగతి పొద్దున్నే వేళ్లకి తేలిగ్గా రావడం వాయించేవాళ్లలో చాలామందికి అనుభవమే, అందుకే ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చోబెట్టే బదులు రోజూ అరగంట మేలు.

ఇక మూడో కాలానికి తొందరపడే తల్లిదండ్రులకి ఒక్క మాట, రెండో కాలంలో రి శృతిలో నిలవకపోతే మూడో కాలంలో నిలవదు, అక్కడ జరిగేదల్లా ఆ తప్పు చెవికి అందనంత స్పీడ్‌గా దాటిపోవడమే.