గజ్జల్లో దాగిన క్యాన్సర్‌: స్కాన్‌కు చిక్కని 2 మిల్లీమీటర్లు

పురుషాంగ క్యాన్సర్‌ పాకే దారి దాదాపు ఎప్పుడూ ఒకటే. ముందు గజ్జల్లోని లింఫ్‌ గ్రంథులు, అవి దాటాకే కటి లోపలివి. గజ్జలు తడిమి చూసినప్పుడు చేతికి ఏమీ తగలని వారిలోనూ 20–25 శాతం మందికి అక్కడ క్యాన్సర్‌ కణాలు ఉంటాయి. బిళ్ళలు కట్టినంత మాత్రాన అవన్నీ క్యాన్సరూ కావు. కణితి దగ్గరి ఇన్ఫెక్షన్‌కు ఉబ్బినవీ ఉంటాయి. అందుకే ఒకప్పుడు నాలుగు నుంచి ఆరు వారాలు యాంటీబయాటిక్‌ ఇచ్చి, తగ్గుతాయేమో చూసేవారు. క్యాన్సర్‌ అన్నాళ్లు ఆగదు కాబట్టి, ఇప్పుడు నేరుగా సూది పరీక్షే చేస్తున్నారు.

అందరికీ రెండు వైపులా గ్రంథులు తీసేస్తే పోదా? ఆ ఆపరేషన్‌ తర్వాత చర్మం కుళ్ళడం, లింఫ్‌ ద్రవం చేరడం, కాళ్ల వాపు మామూలే. గజ్జలు మామూలుగా ఉన్నవారిలో నలుగురికి ముగ్గురు ఈ బాధంతా ఊరికే పడాల్సి వస్తుంది.

1977లో రామన్‌ కబానాస్‌ అనే వైద్యుడు లింఫ్‌ నాళాల్లోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రేలు తీసి, క్యాన్సర్‌ మొదట చేరే గ్రంథి ఫలానా చోట ఉంటుందని చెప్పారు. దాన్ని మాత్రమే తీసి పరీక్షిస్తే చాలన్నారు. ఆలోచన మంచిదే. కానీ ఆ గ్రంథి అందరిలో ఒకేచోట ఉండదు. అది శుభ్రంగా ఉందని తేలిన కొందరికి తర్వాత గజ్జల్లో క్యాన్సర్‌ బయటపడింది.

ఆపైన వచ్చిన సీటీ, ఎంఆర్‌ఐలు గ్రంథిని ప్రధానంగా సైజును బట్టే అంచనా వేస్తాయి. 2 మిల్లీమీటర్ల క్యాన్సర్‌ ముక్కకు గ్రంథి ఉబ్బదు కదా. రేడియోధార్మిక చక్కెర ఎక్కించి క్యాన్సర్‌ కణాలను వెతికే పెట్‌-సీటీకీ అంత చిన్న ముక్క చిక్కదు. 2012లో పలు అధ్యయనాలను కలిపి లెక్కిస్తే, చేతికి తగిలే గ్రంథులున్నవారిలో 96 శాతం మందిలో క్యాన్సర్‌ను పట్టుకుంది. తగలనివారిలో 57 శాతం దాకానే. ఇనుప కణాల ద్రవం ఎక్కించి తీసే ఎంఆర్‌ఐ మీద ఆశలు పెరిగాయి. ఆరోగ్యమైన గ్రంథి ఆ కణాలను పీల్చుకుని నల్లగా కనిపిస్తుంది, క్యాన్సర్‌ ఉన్నచోటు తెల్లగా మిగులుతుంది. 2005లో వచ్చిన ఫలితాలు బాగున్నా, చూసింది ఏడుగురిని మాత్రమే. ఆ మందు మార్కెట్లో నిలవలేదు.

అసలు మలుపు 1994లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వచ్చింది. రేడియోధార్మిక టెక్నీషియం కలిపిన నానోకొల్లాయిడ్‌ను (అతి సూక్ష్మ కణాల ద్రవాన్ని) కణితి చుట్టూ చర్మంలోకి ఎక్కించి, అది ఏ గ్రంథికి చేరుతుందో ఆ రేడియోధార్మికతను పసిగట్టే గామా కెమెరాతో చూసి, చర్మం మీద గుర్తు పెడతారు. ఆపరేషన్‌కు కాస్త ముందు నీలి రంగు ఎక్కించి, ఆ గ్రంథిని మాత్రమే తీసి పరీక్షిస్తారు (బయాప్సీ). అంటే ఇమేజింగ్‌ పని క్యాన్సర్‌ను చూడటం కాదు, కత్తికి దారి చూపడం. మొదట్లో గజ్జల్లో క్యాన్సర్‌ ఉన్న కేసుల్లో సుమారు ఐదో వంతు తప్పిపోయాయి. కారణం చిత్రమైనది: క్యాన్సర్‌తో నిండిన గ్రంథికి దారి మూసుకుపోయి, మందు పక్కనున్న మంచి గ్రంథికి మళ్లేది. అందుకే ముందుగా అల్ట్రాసౌండ్‌ చేయడం మొదలుపెట్టారు. అంచు మందమై, మధ్యలోని కొవ్వు గీత చెరిగిపోయి, గుండ్రంగా మారిన గ్రంథి కనిపిస్తే సూదితో కణాలు తీస్తారు. మందు అసలే చేరని గజ్జను తెరిచి వేలితో తడిమి చూడటం, తీసిన గ్రంథిని పలుచని పొరలుగా కోసి పరీక్షించడం కూడా చేరాయి. దాంతో తప్పులు 5–7 శాతానికి దిగాయి.

చేతికి ఏమీ తగలని, కానీ ముప్పు ఎక్కువున్న కణితికి నేటికీ ఈ బయాప్సీయే ప్రమాణం. అక్కడ పెట్‌-సీటీ రిపోర్టు శుభ్రంగా ఉందని దీన్ని మానేయకూడదు. గజ్జల్లో క్యాన్సర్‌ ఉందని తేలాక కటిలోకి, దూర భాగాలకు పాకిందేమో చూడటానికి మాత్రం పెట్‌-సీటీ బాగా పనికొస్తుంది.