నాలుగు మీటర్లు, ఐదు సెకన్లు

రైతుబజారుకు వెళ్ళేటప్పుడు ఒకప్పుడు అమ్మే ముందు నడిచేది. ఆలస్యమైతే లేత వంకాయలు దొరకవని గబగబా పోతుంటే వెనక నేను అందుకోలేక ఆయాసపడేదాన్ని. ఈమధ్య నేనే ముందు వెళ్ళి, మలుపు దగ్గర ఆగి చూడాల్సి వస్తోంది. "నువ్వు నడువమ్మా, నేను వస్తున్నాగా" అంటుంది. డెబ్బై దాటాక నడక నెమ్మదిస్తుంది, అందులో వింతేముందని సరిపెట్టుకున్నాను. ఆ నెమ్మదిని సెకన్లలో కొలిచి, ఏళ్ళ తరబడి గమనించిన వాళ్ళున్నారని చదివాక మాత్రం అలా ఊరుకోలేకపోయాను.

2011లో స్టెఫనీ స్టుడెన్‌స్కీ అనే అమెరికా వైద్యురాలు, ఆమె సహచరులు 65 ఏళ్ళు దాటిన 34,485 మంది వివరాలను ఒకచోట చేర్చి చూశారు. అంతకుముందే జరిగిన తొమ్మిది అధ్యయనాల సమాచారం అది. ప్రతి ఒక్కరినీ మామూలుగా నడిచే తీరులోనే కొద్ది దూరం నడవమన్నారు, ఎంతసేపు పట్టిందో రాసుకున్నారు. తర్వాత 6 నుంచి 21 ఏళ్ళ పాటు వాళ్ళు ఎలా ఉన్నారో చూస్తూ వచ్చారు. సెకనుకు 0.1 మీటరు ఎక్కువ వేగం ఉన్నప్పుడల్లా చనిపోయే ముప్పు సుమారు 12 శాతం చొప్పున తక్కువగా కనిపించింది. ఇంకో సంగతి నన్ను బాగా ఆలోచింపజేసింది. వయసు, ఆడా మగా, నడక వేగం, ఈ మూడూ తెలిస్తే చాలు. జబ్బులు, బీపీ, బరువు, ఆసుపత్రిలో చేరిన చరిత్ర అన్నీ కలిపి వేసిన అంచనాకు దాదాపు సమానమైన అంచనా వచ్చింది.

నడకలో ఇంత సమాచారం ఎక్కడిది? ఒక్క అడుగు వేయాలంటే ఒంట్లో ఏమేం జరగాలో చూడండి. ఒక కాలు గాల్లో ఉన్నంతసేపూ ఒళ్ళంతా రెండో కాలి మీదే నిలబడాలి. తుంటి పక్క కండరాలు నడుము ఒరిగిపోకుండా పట్టుకోవాలి. అరికాలి నరాలు నేల ఎలా ఉందో చెప్పాలి, లోపలి చెవి తల నిలకడ చూడాలి, కళ్ళు ముందున్న గడపను గుర్తించాలి. గుండె, ఊపిరితిత్తులు కాళ్ళకు కావలసిన ప్రాణవాయువు అందించాలి. వీటన్నిటినీ మెదడు కలుపుకుంటూ పోవాలి. ఇందులో ఏ ఒక్కటి బలహీనపడినా నడకలో బయటపడుతుంది. నెమ్మదిగా నడవడం వల్ల మనిషి పోతాడని కాదు దీని అర్థం. లోపల ఎక్కడో బలం తగ్గుతోందని నడక ముందుగా చెబుతోంది, అంతే.

మెదడు వాటా ఎంతో స్వీడన్ పరిశోధకులు 1997లో చాలా సులువుగా చూపించారు. వృద్ధుల వసతిగృహాల్లో ఉన్న 58 మందితో నడుస్తూ మాటలు కలిపారు. 12 మంది మాట్లాడటానికి నడక ఆపేశారు. తర్వాతి ఆరు నెలల్లో ఆ 12 మందిలో 10 మంది కింద పడ్డారు. నడక మీదే మనసంతా పెట్టాల్సి వస్తోందంటే పట్టు తప్పడానికి దగ్గరలో ఉన్నట్టే. ఇది చదివిన రోజు నేను అమ్మతో మాట్లాడుతూ వీధి చివరిదాకా వెళ్ళాను. ఆగలేదు. ఎంత ఊరటగా అనిపించిందో!

ఇంట్లోనే కొలవవచ్చు. వరండాలో నాలుగు మీటర్ల దూరానికి రెండు సుద్దగీతలు గీయండి. మొదటి గీతకు రెండడుగుల వెనక నుంచి మామూలుగా నడవమనండి, తొందరపెట్టకండి. గీత నుంచి గీతకు ఫోన్‌లో టైమ్ చూడండి. ఐదు సెకన్లు పడితే సెకనుకు 0.8 మీటర్లు. అంతకన్నా నెమ్మదిస్తే కండబలం తగ్గిందేమో చూపించుకోవడం మంచిది. ఉన్నట్టుండి నెమ్మదించినా, ఒక కాలు ఈడుస్తున్నా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మా అమ్మకు ఆరు సెకన్లు పట్టింది.

ఇక్కడే మన ఇళ్ళ సంగతి చెప్పాలి. "ఈ వయసులో నీకెందుకమ్మా కష్టం, కూర్చో" అంటాం. ప్రేమతోనే అంటాం. పాలప్యాకెట్ మనం తెస్తాం, మేడ మీద బట్టలు మనం తీస్తాం, మంచినీళ్ళు కుర్చీ దగ్గరికే అందిస్తాం. కానీ కూర్చోబెడితే ఒంట్లో సత్తువ ఎంత వేగంగా తగ్గుతుందో తెలుసా? 1966లో డల్లాస్‌లో ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళను మూడు వారాలు మంచం మీదే ఉంచారు. 30 ఏళ్ళ తర్వాత ఆ ఐదుగురినే మళ్ళీ పరీక్షించారు. ఆ 30 ఏళ్ళలో తగ్గిన శరీర సామర్థ్యం కన్నా, అప్పటి మూడు వారాల్లో తగ్గిందే ఎక్కువ! పెద్దవాళ్ళతో చేసిన మరో ప్రయోగంలో, పది రోజుల పడకకే కాళ్ళలో దాదాపు ఒక కిలో కండ పోయింది. జ్వరమొచ్చి పది రోజులు పడుకున్న తాతయ్య తర్వాత లేవలేకపోవడం మనం చూస్తూనే ఉంటాం. వయసు మీదకు నెట్టేస్తాం.

పోయినదాన్ని కొంతైనా తిరిగి తెచ్చుకోవచ్చా అని అమెరికాలో 70 నుంచి 89 ఏళ్ళ వాళ్ళు 1,635 మందితో ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. కదలిక తక్కువగా ఉన్నవాళ్ళనే తీసుకున్నారు. సగం మందికి నడక ముఖ్యంగా, కాళ్ళకు బలం, నిలకడ పెంచే వ్యాయామాలు నేర్పారు. మిగతా సగానికి ఆరోగ్య పాఠాలు చెప్పారు. సగటున రెండున్నర ఏళ్ళకు పైగా చూసి, 2014లో ఫలితాలు ప్రచురించారు. 400 మీటర్లు నడవలేని స్థితికి చేరినవాళ్ళు పాఠాలు విన్నవాళ్ళలో 35.5 శాతం, నడిచినవాళ్ళలో 30.1 శాతం. తేడా చిన్నదేనని కొందరంటారు. 400 మీటర్లంటే మా ఇంటి నుంచి పాలబూత్‌కు వెళ్ళిరావడం. ఆ స్వేచ్ఛ ఇంకొన్నాళ్ళు నిలవడం నా దృష్టిలో చిన్న విషయం కాదు.

మోకాళ్ళ నొప్పి సంగతేమిటంటారా? అరుగుదల ఉన్నవాళ్ళకు కూడా తగిన వ్యాయామం మేలే చేస్తుందని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఫిజియోథెరపిస్ట్ సలహాతో అమ్మ రోజూ కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేస్తుంది. పాలప్యాకెట్ తేవడం నేను మానేశాను. మొదట్లో నాకే టెన్షన్‌గా ఉండేది, గేటు దగ్గరే నిలబడి చూసేదాన్ని. నాలుగు నెలలయ్యాక మొన్న మళ్ళీ సుద్దగీతలు గీశాం. ఐదు సెకన్ల మీద కాస్త పట్టింది. మెట్లు దిగేటప్పుడు ఇంకా రెయిలింగ్ పట్టుకుంటోంది. బజారుకు మాత్రం, నేను చెప్పులు వేసుకునేలోపే గేటు తీస్తోంది.