కారులో హామ్ రేడియో: అపోహలు - వాస్తవాలు

కారులో రిగ్ (రేడియో సెట్టు) పెట్టించుకున్న హామ్ మిత్రుల, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా రేడియోలో మాట్లాడుకునేవాళ్ళ నుంచి వచ్చే ఫిర్యాదులు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. మాట్లాడటానికి పీటీటీ మీట నొక్కగానే రిగ్ ఆగిపోయి మళ్ళీ ఆన్ అవుతోంది. మన ఆడియోలో ఈల వినిపిస్తోందని అవతలివాళ్ళు అంటున్నారు. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె) బ్రహ్మాండంగా ఉంది కానీ రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని దూరానికి మళ్ళీ పంపే స్టేషన్) అందడం లేదు. కొందరు రిగ్‌ను సర్వీసుకు పంపుతారు, కొందరు కొత్త యాంటెన్నా కొంటారు. విప్పి చూస్తే తప్పు చాలాసార్లు ఆ రెండింటిలోనూ ఉండదు. కరెంటు వెళ్ళే దారిని అందరూ శ్రద్ధగా వేస్తారు, తిరిగొచ్చే దారిని మాత్రం కారు బాడీ మీద వదిలేస్తారు. బ్యాటరీ కరెంటుకి ఒక తిరుగుదారి ఉంటుంది, యాంటెన్నా ఆర్‌ఎఫ్‌కి (రేడియో సిగ్నల్ కరెంటుకి) ఇంకొకటి ఉంటుంది. కింద చెప్పే అపోహల్లో సగం ఈ రెండింటి దగ్గరే పుడతాయి.

అపోహ: సిగరెట్ లైటర్ సాకెట్‌లో ప్లగ్ పెడితే సరిపోతుంది

5 వాట్ల హ్యాండీని (చేతి సెట్టును) ఛార్జ్ చేసుకోవడానికైతే సరిపోతుంది. 50 వాట్ల వీహెచ్‌ఎఫ్ (145 మెగాహెర్ట్జ్ లాంటి పై ఫ్రీక్వెన్సీల) రిగ్ ఫుల్ పవర్‌లో 10 నుంచి 13 ఆంపియర్లు లాగుతుంది. 100 వాట్ల హెచ్‌ఎఫ్ (7 మెగాహెర్ట్జ్ లాంటి కింది ఫ్రీక్వెన్సీల) రిగ్ అయితే 20 దాటుతుంది. మన కార్లలో ఆ సాకెట్ మీద సాధారణంగా 120 వాట్లు అని రాసి ఉంటుంది, అంటే 10 ఆంపియర్లు. ఫ్యూజు కాలకపోయినా వోల్టేజీ పడిపోతుంది, అసలు ఇబ్బంది అక్కడే.

లెక్క వేసి చూద్దాం. బ్యాటరీ నుంచి రిగ్ దాకా 4 మీటర్లు, రానూపోనూ 8 మీటర్లు. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరుకి మీటరుకు సుమారు 20 మిల్లీ ఓంలు. 12 ఆంపియర్లకి ఆ వైరులోనే దాదాపు 1.9 వోల్టులు పోతాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో 0.8 వోల్టు దాకా, 6 చదరపు మిల్లీమీటర్ల వైరులో 0.3 వోల్టు దాకా పోతుంది. చాలా రిగ్గులు 13.8 వోల్టులకి అటూ ఇటూ 15 శాతం వరకే ఒప్పుకుంటాయి, అంటే కింద హద్దు 11.7. ఇంజన్ ఆపి ఉంటే బ్యాటరీ ఇచ్చేదే 12.6. అందులోంచి 1.9 తీసేస్తే రిగ్ రీసెట్ అవుతుందే తప్ప పాడైనట్టు కాదు.

మల్టీమీటరు బ్యాటరీ దగ్గర పెట్టి "13.8 ఉందండీ" అని ఫోన్‌లో చెప్పేవాళ్ళకి నా జవాబు ఎప్పుడూ ఒకటే. రిగ్ వెనక ప్లగ్ దగ్గర, పీటీటీ నొక్కి పట్టుకుని కొలవండి. నొక్కకముందు కనిపించిన అంకెతో మనకి పనిలేదు. తర్వాత మీటరు ఒక కొసను బ్యాటరీ ప్లస్ మీద, రెండోది రిగ్ ప్లస్ మీద పెట్టి మళ్ళీ నొక్కండి. అలాగే మైనస్ నుంచి మైనస్‌కి. ఏ వైపు ఎక్కువ వోల్టులు కనిపిస్తే తప్పు ఆ వైపు ఉన్నట్టు. నేను చూసిన వాటిలో ఎక్కువ మైనస్ వైపే. మిగిలినవి చాలావరకు వేడెక్కి కరగడానికి సిద్ధంగా ఉన్న చౌకరకం ఫ్యూజు హోల్డర్లు.

అపోహ: రిగ్ వైరులో ఫ్యూజు ఎలాగూ ఉంది, బ్యాటరీ దగ్గర ఇంకోటి దండగ

ఫ్యూజు కాపాడేది ముఖ్యంగా వైరును. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాకా ఉన్న ముక్కకి ఏ రక్షణా లేదు. ఆ ముక్కే ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న రేకులోంచి దూరి వస్తుంది. ఆ రంధ్రం అంచుకి రబ్బరు గ్రోమెట్ లేకపోతే కొన్ని నెలల కుదుపులకి ఇన్సులేషన్ కోసుకుపోతుంది. చిన్న కారు 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ కూడా షార్ట్ అయితే వందల ఆంపియర్లు ఇస్తుంది. వైరు ఎర్రగా కాలాక రిగ్ దగ్గరి ఫ్యూజు చేసేదేమీ లేదు. ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. బ్లేడు ఫ్యూజు అయితే మేలు, గాజు ఫ్యూజులు కుదుపులకి వదులవుతాయి.

అపోహ: బాడీ అంతా ఇనుమే, ఎక్కడ స్క్రూ బిగించినా ఎర్త్ వస్తుంది

దీని దగ్గర కాసేపు ఆగాలి. ముందు బ్యాటరీ కరెంటు సంగతి. పెయింటు మీద బిగించిన స్క్రూ కొన్నాళ్ళు పని చేస్తుంది, ఒక వర్షాకాలం గడిచాక తుప్పు పట్టి వదిలేస్తుంది. పెయింటు గీకి, నక్షత్రం వాషర్ వేసి, బిగించాక పైన కాస్త గ్రీజు రాయాలి. సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగి స్టార్ట్ అయ్యే సదుపాయం ఉన్న కొత్త కార్లలో మైనస్ టెర్మినల్ మీద చిన్న డబ్బా ఒకటి కనిపిస్తుంది. అది బ్యాటరీలోకి వచ్చీ పోయే కరెంటును లెక్కపెట్టే సెన్సర్. రిగ్ మైనస్ వైరును నేరుగా టెర్మినల్‌కి తగిలిస్తే ఆ కరెంటు సెన్సర్ లెక్కలోకి రాదు, కారు కంప్యూటర్‌కి బ్యాటరీ స్థితి తప్పుగా తెలుస్తుంది. ఇలాంటి కార్లలో మైనస్‌ను బ్యాటరీ తీగ బాడీకి కలిసే బోల్టు దగ్గరే కలపాలి. "బ్యాటరీకి నేరుగా వెయ్యాలి" అన్న పాత సలహా ప్లస్ వైపు ఇప్పటికీ సరైనదే.

ఇక ఆర్‌ఎఫ్ సంగతి. మీటరు పెడితే సున్నా ఓంలు చూపించిన చోటు ఆర్‌ఎఫ్‌కి కూడా ఎర్త్ అవ్వాలని లేదు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగదైర్ఘ్యం అర మీటరు చిల్లర. యాంటెన్నా బేస్ నుంచి అర మీటరు వైరు లాగి బాడీకి బిగిస్తే, ఆ వైరు అవతలి కొస షార్ట్ అయినా ఇవతల కొస తెరిచి ఉన్నట్టే ఆర్‌ఎఫ్‌కి అనిపిస్తుంది. డీసీకి ఎర్త్ ఉన్నట్టే, సిగ్నల్‌కి లేనట్టే. అందుకే ఎర్త్ పట్టీ పొట్టిగా, వెడల్పుగా ఉండాలి. అల్లిక రాగి పట్టీ వాడమని చెప్పేది ఇందుకే.

డిక్కీ అంచుకి బిగించే యాంటెన్నా మౌంట్లలో ఈ గొడవ ఎక్కువ. మౌంట్ కింది చిన్న స్క్రూలు పెయింటును దాటి రేకును కొరకాలి. కొరికినా డిక్కీ మూత బాడీకి కలిసేది కీళ్ళ ద్వారానే, వాటిలో గ్రీజు, పెయింటు. హెచ్‌ఎఫ్ వాడేవాళ్ళు డిక్కీ మూత నుంచి బాడీకి, బానెట్ నుంచి బాడీకి అల్లిక పట్టీలు వేసుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

అపోహ: మ్యాగ్నెట్ మౌంట్ అంటే ఆట వస్తువు

వీహెచ్‌ఎఫ్‌కి ఇది మరీ అన్యాయమైన మాట. అయస్కాంతం పెయింటు మీద కూర్చున్నప్పుడు కింద రేకుతో కలిసి ఒక కెపాసిటర్ అవుతుంది. దాని విలువ 500 పికోఫారడ్లు అనుకుంటే 145 మెగాహెర్ట్జ్‌కి అడ్డం సుమారు 2 ఓంలే, అంటే కలిసినట్టే. అదే 7.1 మెగాహెర్ట్జ్‌కి 45 ఓంలు. పైకప్పు మధ్యలో పెట్టిన 49 సెంటీమీటర్ల పావుతరంగం కడ్డీ వీహెచ్‌ఎఫ్‌లో హాయిగా పనిచేస్తుంది, హెచ్‌ఎఫ్‌లో అదే మ్యాగ్నెట్ నిరాశపరుస్తుంది. తేడా ఇంతే. అయస్కాంతం కింద ఇసుక చేరితే పెయింటుకి గీతలు పడతాయి. తలుపు సందులోంచి తెచ్చిన కోక్స్ (యాంటెన్నా కేబుల్) నలిగితే వానాకాలంలో నీళ్ళు లోపలికి దిగుతాయి. పైకప్పు అంతా అద్దం ఉన్న కార్లకి ఎలాగూ కుదరదు.

అపోహ: ఎస్‌డబ్ల్యూఆర్ 1:1 ఉంటే యాంటెన్నా అద్భుతం

డమ్మీ లోడ్‌కి (పవర్‌ను వేడిగా మార్చేసే పరీక్ష రెసిస్టరుకి) కూడా 1:1 వస్తుంది, దానితో ఎవరితోనూ మాట్లాడలేం. రిగ్‌కి పవర్ వెనక్కి రావడం లేదు అన్నంతవరకే ఆ అంకె చెబుతుంది. ముందుకి వెళ్ళినది గాల్లోకి పోయిందా, వేడిగా మారిందా అన్నది చెప్పదు.

నాసిరకం కోక్స్ ఎస్‌డబ్ల్యూఆర్‌ను అందంగా చూపిస్తుంది. యాంటెన్నా దగ్గర నిజంగా 3:1 ఉందనుకోండి. మధ్యలో కేబుల్ 1 డెసిబెల్ (సిగ్నల్ హెచ్చుతగ్గుల కొలత) తింటే రిగ్ దగ్గర మీటరు 2.3 చూపిస్తుంది. 145 మెగాహెర్ట్జ్‌లో 5 మీటర్ల ఆర్‌జీ-58 రకం కోక్స్ దాదాపు అంతే తింటుంది. నీళ్ళు దిగిన కేబుల్ ఇంకా అందంగా చూపిస్తుంది. ఎస్‌డబ్ల్యూఆర్ ఏ కారణం లేకుండా మెరుగైతే నేను సంతోషించను, పీఎల్-259 కనెక్టర్ విప్పి చూస్తాను.

హెచ్‌ఎఫ్‌లో ఇది ఇంకా తమాషాగా ఉంటుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కి పావుతరంగం అంటే 10 మీటర్లు పైనే, కారు మీద పెట్టగలిగేది రెండు, రెండున్నర మీటర్లు. అంత పొట్టి కడ్డీ రేడియేషన్ నిరోధం (సిగ్నల్‌ను గాల్లోకి పంపే భాగం) ఒకటి రెండు ఓంలకి మించదు. మిగతాది కాయిల్‌లో, ఎర్త్‌లో పోయే నష్టం. మంచి కాయిల్, మంచి ఎర్త్ ఉన్న యాంటెన్నాకి బేస్ దగ్గర 25 ఓంలు వస్తే, మ్యాచింగ్ (రిగ్ కోరే 50 ఓంలకి సరిపెట్టడం) లేకుండా ఎస్‌డబ్ల్యూఆర్ 2:1 చూపిస్తుంది. మ్యాచింగ్ కాయిల్ లేకుండానే 1:1 వచ్చిందంటే ఎర్త్ నష్టం ఆ తక్కువైన ఓంలను నింపిందని అర్థం.

మీటరుతో యాంటెన్నా నడిమి తీగకీ, షీల్డుకీ మధ్య షార్ట్ చూపిస్తే కంగారు పడకండి. బేస్‌లో మ్యాచింగ్ కాయిల్ ఉన్న యాంటెన్నాలు డీసీకి షార్ట్‌గానే కనిపిస్తాయి. యాంటెన్నా తీసేసి, ఒట్టి కేబుల్ మీద చూపిస్తేనే అనుమానించాలి.

అపోహ: దూరం వెళ్ళాలంటే వాట్లు పెంచాలి

10 వాట్ల నుంచి 50 వాట్లకి వెళితే వచ్చేది 7 డెసిబెల్స్, సిగ్నల్ బలం చూపే ఎస్-మీటరు మీద ఒక గీత చిల్లర. హ్యాండీ రబ్బరు యాంటెన్నాను కారు లోపల పెట్టుకుని మాట్లాడే మనిషి, దాన్ని వదిలి పైకప్పు మీద కడ్డీ పెడితే చాలాసార్లు అంతకంటే ఎక్కువే లాభపడతాడు. పైగా ఆ లాభం వినేటప్పుడు కూడా వస్తుంది.

అపోహ: శబ్దం వస్తే ఫిల్టర్ కొని పెట్టాలి

కొనే ముందు ఆ శబ్దం ఏమిటో వినండి. యాక్సిలరేటర్‌తో పాటు సన్నగా పైకి లేచే ఈల ఆల్టర్నేటర్‌ది, మన మెకానిక్కులు డైనమో అనేది ఇదే. వేగంతో పెరిగే టిక్ టిక్ ఇగ్నిషన్‌ది. ఇంజన్ వేగంతో సంబంధం లేకుండా ఒకే శ్రుతిలో ఉండే గరగర చాలావరకు యూఎస్‌బీ ఛార్జర్‌ది, డ్యాష్‌క్యామ్‌ది, లేదా తర్వాత పెట్టించిన ఎల్‌ఈడీ లైట్లది. ఇంజన్ ఆపండి, తాళం చెవి మాత్రం ఆన్‌లో ఉంచి వినండి. శబ్దం ఇంకా ఉంటే ఛార్జర్లు పీకేయండి, ఆ తర్వాత ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి చూడండి. ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజు జోలికి మాత్రం వెళ్ళకండి.

యాంటెన్నా కేబుల్ విప్పేసి వినడం ఇంకో పరీక్ష. విప్పగానే శబ్దం పోతే అది యాంటెన్నా ద్వారా వస్తున్నట్టు, పవర్ వైరులో ఎన్ని ఫిల్టర్లు పెట్టినా తగ్గదు. శబ్దాన్ని పుట్టించే వైరుకే ఫెరైట్ (శబ్దాన్ని అణిచే రింగు) తొడగాలి. హెచ్‌ఎఫ్‌కి 31 రకం ఫెరైట్ మంచిది. వైరును అందులోంచి ఒకసారి దూర్చి వదిలేయకుండా నాలుగైదు చుట్లు తిప్పాలి. విప్పినా పోకపోతే పవర్ వైరులో వస్తున్నట్టు, అప్పుడు ఫిల్టర్‌కి అర్థం ఉంది. మనం మాట్లాడేటప్పుడు అవతలివాళ్ళకి మాత్రమే ఈల వినిపిస్తే మళ్ళీ మైనస్ దారి దగ్గరికే రండి.

డీజిల్ కారులో స్పార్క్ ప్లగ్గులు లేవు కనుక శబ్దమే ఉండదంటారు. ఇగ్నిషన్ టిక్ టిక్ ఉండదు, నిజమే. ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంపు, కంప్యూటర్ ఉంటాయి కదా. సీఎన్‌జీ కారులో స్పార్క్ ప్లగ్గులు యథాతథం. ఎలక్ట్రిక్ కారులో మోటారు ఇన్వర్టర్ హెచ్‌ఎఫ్‌ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, వీహెచ్‌ఎఫ్ ఎఫ్‌ఎమ్ మీద చాలావరకు పని జరిగిపోతుంది. రిగ్‌కి కావలసిన 12 వోల్టుల బ్యాటరీ అందులో వేరుగా ఉంటుంది. నారింజ రంగు కేబుళ్ళు హై వోల్టేజీవి, వాటి దగ్గర చెయ్యి పెట్టొద్దు, రేడియో వైరు కూడా వాటి పక్కన లాగొద్దు.

అపోహ: ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ బిగించుకోవచ్చు

ముందు అద్దం పక్క స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉండొచ్చు, దాని కవరు వెనక కోక్స్ దూర్చడం ప్రమాదం. డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోట రిగ్ పెడితే ప్రమాద సమయంలో అది మీ ముఖం మీదికే వస్తుంది. సీటు కింది పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థవి. రిగ్ ముందు ప్యానెల్ విడదీసే మోడల్ అయితే ప్యానెల్ ఒక్కటే పైన పెట్టి, అసలు డబ్బాను గాలి తగిలే చోట సీటు కింద బిగించండి. మే నెలలో విజయవాడలో ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద ఏ రిగ్ ఉన్నా దానికి ఆయుష్షు తగ్గుతుంది.

అపోహ: లారీలో రెండు బ్యాటరీలు ఉంటాయి, ఒకదాని నుంచి 12 వోల్టులు తీసుకుంటే చాలు

సహాయక చర్యలకి లారీ, బస్సు ఎక్కినప్పుడు చాలామంది చేసే పని ఇది. వాటిలో వ్యవస్థ 24 వోల్టులది, రెండు బ్యాటరీలు వరసగా ఉంటాయి. ఒకదాని నుంచే లాగితే అది తగ్గుతూ పోతుంది, ఛార్జింగ్ మాత్రం రెండింటికీ కలిపి వస్తుంది, దాంతో రెండోది అతిగా ఛార్జ్ అవుతుంది. కొన్నాళ్ళకి రెండూ పోతాయి. 24 నుంచి 12 వోల్టులకి మార్చే కన్వర్టర్ పెట్టుకోవాలి. అది స్విచింగ్ రకం కనుక దాని శబ్దం మీ రిసీవర్‌లో వినిపిస్తుందేమో ముందే చూసుకోండి.

అపోహ: ఇంజన్ ఆపేసి రాత్రంతా నెట్ (హామ్‌లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలిసి మాట్లాడుకోవడం) నడపొచ్చు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు కరెంటు, ఫోన్లు రెండూ పోయాయి. అలాంటి రాత్రి కారే స్టేషన్ అవుతుంది. రిగ్ వింటున్నప్పుడు అర ఆంపియరు నుంచి ఒక ఆంపియరు తీసుకుంటుంది. గంటలో పన్నెండు నిమిషాలు 12 ఆంపియర్లతో మాట్లాడితే సగటున గంటకి ఇంకో 2.4 కలుస్తుంది. సుమారు 3 ఆంపియర్ల చొప్పున ఐదు గంటల్లో 15 ఏహెచ్, అంటే 35 ఏహెచ్ బ్యాటరీలో సగానికి దగ్గర. సెల్ఫ్ కొట్టడానికి చేసిన బ్యాటరీ అంత లోతుగా దిగడాన్ని భరించదు, తెల్లారేసరికి కారు కదలకపోవచ్చు. దాన్ని సెల్ఫ్‌కే వదిలేసి, రిగ్‌కి వేరే లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ ఉంచుకోండి. అదీ లేకపోతే పవర్ తగ్గించి, ప్రతి గంటకీ ఒకసారి వోల్టేజీ చూస్తూ, 12.2 దగ్గరికి వస్తే ఇంజన్ స్టార్ట్ చేయండి. స్టార్ట్ చేసే ముందు రిగ్ ఆపాలి, సెల్ఫ్ తిరిగే క్షణంలో వోల్టేజీ 9, 10 దాకా పడుతుంది. కారు తప్పకుండా ఆరుబయటే ఉండాలి, మూసిన షెడ్డులో ఇంజన్ నడిపితే పొగ ప్రాణాలు తీస్తుంది.