అమ్మోనియా ప్లాంటు ఓనర్ల నోట వినే మాటలు: అపోహలు, వాస్తవాలు

మిర్చి సీజన్ వచ్చిందంటే గుంటూరు యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీల దాకా టిక్కీల (మిర్చి బస్తాల) లారీలే. ఆ టిక్కీలను చల్లగా ఉంచే అమ్మోనియా ప్లాంట్ల దగ్గరే నా పని. ఓనర్లు నమ్మకంగా చెప్పే కొన్ని మాటల వల్ల మనుషులు దెబ్బతినడం కళ్లారా చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "మాది గోడౌన్ లాంటిదే, ఫ్యాక్టరీ కాదు కదా."

వాస్తవం: 1948 ఫ్యాక్టరీల చట్టం తయారీ ప్రక్రియకు ఇచ్చిన నిర్వచనంలోనే కోల్డ్ స్టోరేజీలో సరుకు నిల్వ చేయడం కూడా ఉండేది. 1987 సవరణలో 7ఏ సెక్షన్ చేర్చి, పనివాళ్ల ఆరోగ్యం, భద్రత చూసే బాధ్యతను ఆక్యుపయర్, అంటే ఫ్యాక్టరీ మీద అంతిమ అధికారం ఉన్న వ్యక్తి మీద పెట్టారు. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ ఆ నిర్వచనం అలాగే ఉంది, బాధ్యత యజమానిదే. మెయింటెనెన్స్ కాంట్రాక్టుకు ఇచ్చినంత మాత్రాన అది మీ మీద నుంచి దిగిపోదు.

అపోహ: "ఆయిల్ తీయడం రోజూ ఉండే పనే, ఆపరేటర్ ఒక్కడు చాలు."

వాస్తవం: నన్నడిగితే ప్లాంటులో అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సిన పని ఇదే. కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కే యంత్రం) నుంచి కొట్టుకొచ్చే ఆయిల్ అమ్మోనియాలో కలవదు, బరువెక్కువ కాబట్టి అడుగుకు చేరుతుంది. చలికి చిక్కబడి వాల్వ్ తెరిచినా రాదు. ఇంకాస్త తెరుస్తారు. అడ్డుపడిన ముద్ద ఒక్కసారిగా ఊడిపోతే వెనకే ద్రవ అమ్మోనియా తన్నుకొస్తుంది. ఒక వంతు ద్రవం ఆవిరైతే సుమారు 850 వంతుల గ్యాస్ అవుతుంది.

ఒకచోట మే నెల మధ్యాహ్నం సరిగ్గా ఇదే జరిగింది. చెయ్యి వదిలితే తనంతట తానే మూసుకునే స్ప్రింగ్ వాల్వ్ ఉంది. కానీ పట్టుకుని నిలబడలేక దాన్ని బైండింగ్ వైరుతో తెరిచి కట్టేశారు. గ్యాస్ ఆపరేటర్ ముఖం మీదికి కొట్టింది. పక్క షెడ్డులో ఉన్న కుర్రాడు పరుగున వచ్చి, డ్రమ్ములో నీళ్లతో పావుగంటకు పైగా కళ్లు కడుగుతూనే ఉన్నాడు. ఆపరేటర్ చూపు దక్కింది. ఆ వైరు ముక్కను నేను కోసి తీశాను, అప్పటికింకా దాని మీద మంచు ఉంది.

పద్ధతి ఇది: ఆయిల్ పాట్‌ను (ఆయిల్ చేరే పాత్రను) మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసి, అందులోని గ్యాస్‌ను సక్షన్‌లోకి, అంటే కంప్రెసర్ పీల్చుకునే వైపుకు లాగించాలి. పాట్ మీద మంచు పూర్తిగా కరిగేదాకా ఆగాలి. మంచు ఉందంటే లోపల ఇంకా ద్రవం ఉన్నట్టే. అప్పుడు ఇద్దరు మనుషులు కళ్లద్దాలు, గ్లవ్స్, మాస్కు పెట్టుకుని తీయాలి. స్ప్రింగ్ వాల్వ్‌ను కట్టేయడం, మధ్యలో ఫోన్ వచ్చిందని పక్కకు పోవడం పనికిరాదు.

అపోహ: "లీకైతే వాసన వస్తుంది, పైగా అది గాలికంటే తేలిక, పైకి పోతుంది."

వాస్తవం: వాసన కొంచెం లీకైనా తెలుస్తుంది, నిజమే. కానీ రోజంతా అందులో ఉన్నవాడి ముక్కు దానికి అలవాటుపడిపోతుంది. గాలిలో 300 పీపీఎం (పది లక్షల వంతుల్లో 300 వంతులు) చేరితే ప్రాణాపాయ స్థాయి. ఇంజిన్ రూములో డిటెక్టర్, బయటి నుంచి వేసే ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్ ఉండాల్సిందే. ఇక పెద్ద లీకులో చల్లటి గ్యాస్ తెల్లటి పొగమంచులా నేలను పట్టుకుని పాకుతుంది. పైకి పోతుందని ఎదురుచూస్తే ప్రాణం మీదికి వస్తుంది.

అపోహ: "లీకైతే నీళ్లు కొడితే సరి."

వాస్తవం: గాలిలో ఉన్న గ్యాస్ మీద నీటి తెర బాగా పనిచేస్తుంది. నేల మీద మడుగు కట్టిన ద్రవం మీద మాత్రం కొట్టకండి, మరింత వేగంగా మరిగి గ్యాస్ ఎక్కువవుతుంది. ఈ తేడా తెలిసిన ఆపరేటర్లు తక్కువమంది.

ఇత్తడి గేజీలు, రాగి పైపులు అమ్మోనియాకు పనికిరావు, తినేస్తుంది. ప్రెషర్ మితిమీరితే బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్ కింద ఉన్న వాల్వ్‌ను "కారుతోంది" అని మూసేయడం మరీ ఘోరం. వెల్డింగ్ చేసేముందు లైన్ ఖాళీ చేయించండి. గాలిలో 15 నుంచి 28 శాతం దాకా అమ్మోనియా ఉంటే అంటుకుంటుంది.

పోయిన సీజన్లో ఒకచోట, లీకైతే ఎలా బయటపడాలో డ్రిల్ చేయించాను. గాలికి అడ్డంగా, ఎత్తైన చోటికి పరుగెత్తమని చెబుతుంటే హమాలీల ముఠా మేస్త్రి అడిగాడు, "సార్, లోపలి నుంచి వచ్చేవాడికి గాలి ఎటుందో ఎట్టా తెలుస్తుంది?" ఓనర్‌కు నోట మాట రాలేదు. ఆ సాయంత్రమే షెడ్డు కప్పు మీద, రెండు గేట్ల నుంచీ కనపడేలా ఎర్రటి విండ్‌సాక్ (గాలి ఎటుందో చూపే గుడ్డ గొట్టం) కట్టించాడు. చాంబర్ తలుపులన్నీ లోపలి నుంచి తెరుచుకుంటున్నాయో లేదో మేస్త్రితో కలిసి ఒక్కొక్కటీ తోసి చూశాం. నాలుగోది తెరుచుకోలేదు. తెల్లవారేసరికి బాగుచేయించాడు.