కోర్టుకు ఈడ్వలేని సంస్థలు: అంతర్జాతీయ సంస్థల రక్షణలు, పన్ను మినహాయింపుల పూర్వాపరాలు

1946లో న్యూయార్క్ నగరానికి సమీపంలోని న్యూ రోషెల్ పట్టణంలో ఒక కారు డ్రైవరు మీద అతివేగం కేసు నమోదైంది. అతను ఐక్యరాజ్యసమితి మొదటి ప్రధాన కార్యదర్శి ట్రిగ్వే లీ కారు నడిపేవాడు. ప్రధాన కార్యదర్శిని సమితి పని మీద తీసుకువెళుతున్నాడు కాబట్టి అతన్ని స్థానిక కోర్టు విచారించడానికి వీల్లేదని డ్రైవరు తరఫున వాదించారు. న్యాయమూర్తి ఒప్పుకోలేదు. సమితి పని సాగడానికి ఆ డ్రైవరుకు రక్షణ నిజంగా అవసరమా అన్నది విచారించి తేల్చవలసిన సంగతే తప్ప, సమితి పేరు వినగానే కోర్టు పక్కకు తప్పుకోవలసిన పని లేదన్నది ఆయన తీర్పు సారాంశం. కేసు చిన్నదే. అయినా అంతర్జాతీయ సంస్థల రక్షణల మీద ఆ తర్వాత చెలరేగిన పెద్ద వివాదాలన్నిటిలోనూ ఆ న్యాయమూర్తి ప్రశ్నే మళ్లీ మళ్లీ వినిపించింది: ఈ రక్షణ ఏ పని కోసం, ఎంత మేరకు?

రాయబారిని నిర్బంధించకూడదన్న ఆచారం చాలా పాతది. రాయబారి వెనుక ఒక రాజ్యం ఉంటుంది. అవతలివారి రాయబారికి కీడు తలపెడితే తన రాయబారికీ అదే గతి పడుతుందన్న భయం ఉభయులనూ అదుపులో ఉంచుతుంది. అంతర్జాతీయ సంస్థకు సొంత నేల లేదు, ప్రజలు లేరు, బదులు తీర్చుకునే శక్తి అసలే లేదు. ఏదో ఒక దేశపు గడ్డ మీద, ఆ దేశపు పోలీసుల నడుమ, ఆ దేశపు కరెంటూ నీళ్లూ వాడుకుంటూ పని చేయాలి. అందుకే దాని రక్షణకు ఒప్పందాల మీద, చట్టాల మీద ఆధారపడక తప్పలేదు. ఇక్కడ మరో తేడా కూడా ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. విదేశంలో విచారణ తప్పించుకున్న రాయబారిని అతని స్వదేశంలోని కోర్టుకు రప్పించవచ్చు; సంస్థకు స్వదేశమంటూ లేదు కాబట్టి, ఒక కోర్టు తలుపు మూసిన తర్వాత వెళ్లి తట్టడానికి ఇంకో తలుపు ఉండదు.

తొలి నమూనాలు నదుల మీద కనిపిస్తాయి. క్రిమియా యుద్ధం ముగిశాక 1856 పారిస్ సంధి డాన్యూబ్ నది ముఖద్వారాన్ని నౌకలకు అనువుగా ఉంచే బాధ్యతను ఒక ఐరోపా కమిషన్‌కు అప్పగించింది. 1865లో కుదిరిన ఒడంబడిక ఆ కమిషన్ కట్టడాలకు, సిబ్బందికి తటస్థ హోదా ఇచ్చింది. యుద్ధం వచ్చినా నదిలో పూడికతీత ఆగకూడదన్నదే అందులోని ఉద్దేశం. 1899 నాటి హేగ్ ఒప్పందం శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం సభ్యులకు, సొంత దేశం వెలుపల విధుల్లో ఉన్నంతకాలం, దౌత్య హక్కులు కల్పించింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఏర్పడిన నానాజాతి సమితి నిబంధనావళిలోని ఏడో అధికరణ కూడా ఆ బాటలోనే నడిచి, సమితి పనిలో ఉన్న అధికారులకు దౌత్య రక్షణలు ఉంటాయనీ, దాని భవనాల జోలికి ఎవరూ పోకూడదనీ ప్రకటించింది. అయితే రాయబారి కోసం కుట్టిన అంగీ సంస్థ ఉద్యోగికి సరిపోలేదు. జెనీవాలో పనిచేసే ఉద్యోగి స్విస్ పౌరుడే అయితే సొంత దేశంలోనే అతను విదేశీ దౌత్యవేత్త కాగలడా? ఇటువంటి చిక్కులు విప్పడానికి స్విస్ ప్రభుత్వమూ నానాజాతి సమితీ 1921లో ఒకసారి, 1926లో మరోసారి ప్రత్యేక ఏర్పాట్లు చేసుకోవలసి వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం చివరి దశలో ఈ ఆలోచన మలుపు తిరిగింది. 1944 జులైలో బ్రెటన్ వుడ్స్‌లో పుట్టిన జంట సంస్థలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. అంతర్జాతీయ ద్రవ్యనిధికి, అది తనంతట తాను వదులుకుంటే తప్ప, అన్ని రకాల న్యాయప్రక్రియల నుంచీ రక్షణ ఇచ్చారు. ప్రపంచ బ్యాంకు మీద మాత్రం, సభ్యదేశాలు కాకుండా ఇతరులు కొన్ని షరతులకు లోబడి దావా వేయవచ్చునన్నారు. ప్రపంచ బ్యాంకు మార్కెట్లో బాండ్లు అమ్మి డబ్బు సేకరించాలి. రేపు బాకీ ఎగవేస్తే కోర్టుకు వెళ్లే దారి లేని సంస్థ బాండ్లను ఎవరూ కొనరు. ఎంత రక్షణ అన్నది ఆ సంస్థ చేసే పనిని బట్టే నిర్ణయించవచ్చునని, పూర్తి రక్షణ ఇవ్వకపోయినా సంస్థ కూలిపోదని, చేతిలో డబ్బున్నవారి విషయంలోనైనా అప్పుడే అంగీకరించారన్నమాట.

మరుసటి ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో రాసిన ఐక్యరాజ్యసమితి చార్టర్ 105వ అధికరణ, సంస్థ విషయంలో ‘దౌత్య’ అన్న మాటను వదిలేసి, సమితి తన లక్ష్యాలు నెరవేర్చుకోవడానికి అవసరమైన రక్షణలు మాత్రమే ఉంటాయన్నది. దానికి వివరణలా 1946 ఫిబ్రవరి 13న సర్వప్రతినిధి సభ ఆమోదించిన ఒప్పందం మాత్రం ఆ ‘అవసరం’ అన్న కొలబద్దను దాదాపు పక్కన పెట్టింది. సమితికి, దాని ఆస్తులకు అన్ని రకాల న్యాయప్రక్రియల నుంచీ రక్షణ ఉంటుందని రెండో సెక్షన్ సూటిగా రాసింది. సమితి అనుబంధ ప్రత్యేక సంస్థల కోసం 1947 నవంబరులో వచ్చిన ఒప్పందమూ ఇదే పద్ధతి పాటించింది. ఉద్యోగులకు ఇచ్చిన రక్షణ వారి సొంత లాభం కోసం కాదనీ, న్యాయానికి అడ్డుపడుతున్నప్పుడు దాన్ని తొలగించడం ప్రధాన కార్యదర్శికి హక్కే కాక బాధ్యత కూడాననీ 1946 ఒప్పందంలోని 20వ సెక్షన్ చెప్పింది. 29వ సెక్షన్ మరింత కీలకమైనది. కాంట్రాక్టుల వంటి ప్రైవేటు చట్టానికి సంబంధించిన వివాదాలను పరిష్కరించే తగిన మార్గాలను సమితే ఏర్పాటు చేయాలని అది ఆదేశించింది. అంటే కోర్టుకు రాను అన్న మాటకు, వేరే చోట జవాబు చెబుతాను అన్న హామీ జతపడింది. ఈ చరిత్ర అంతా ఆ జతలో మొదటి సగం నిలబడి, రెండో సగం కుంటుతూ నడిచిన కథ.

మొదటి సగం అనవసరమని నేను అనడం లేదు. మానవ హక్కుల అధ్యయనం చేస్తున్న రుమేనియా నిపుణుడు దుమిత్రు మజీలూను తన నివేదిక సమర్పించడానికి జెనీవాకు వెళ్లకుండా ఆయన సొంత ప్రభుత్వమే అడ్డుకుంటే, 1989లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆయనకు సమితి రక్షణ వర్తిస్తుందని చెప్పింది. న్యాయవ్యవస్థల స్వతంత్రతపై సమితి ప్రత్యేక పరిశీలకుడైన పరమ్ కుమారస్వామి ఒక పత్రికతో మాట్లాడినందుకు మలేసియాలో ఆయన మీద వరసగా పరువునష్టం దావాలు పడ్డాయి. 1999లో అదే న్యాయస్థానం ఆయన పక్షాన నిలిచింది. అటువంటి రక్షణ లేని రోజున ఏ పరిశీలకుడూ ఏ ప్రభుత్వం గురించీ నిజం రాయలేడు. ఆ 1999 అభిప్రాయంలోనే న్యాయస్థానం ఇంకో మాట కూడా గుర్తుచేసింది: రక్షణ ఉండటం వేరు, జరిగిన నష్టానికి పరిహారం చెల్లించే బాధ్యత వేరు, ఆ క్లెయిములు 29వ సెక్షన్ దారిలో పరిష్కారం కావాలి.

పన్నుల సంగతి ఇంకోలా నడిచింది. అన్ని దేశాలూ కలిసి వేసుకున్న చందాల మీద కార్యాలయం ఉన్న దేశం పన్ను వేస్తే, అందరి డబ్బులో కొంత ఒకే ఖజానాకు చేరుతుంది. మినహాయింపుకు మూలకారణం ఇదే. అందుకే ప్రత్యక్ష పన్నుల నుంచి సమితికి పూర్తి మినహాయింపు ఇచ్చారు. నీరు, విద్యుత్తు వంటి సేవలకు చెల్లించే రుసుములకు అది వర్తించదన్నారు. వస్తువుల ధరలో కలిసివచ్చే అమ్మకపు పన్నును మామూలుగా అడగకూడదు కానీ, పెద్ద కొనుగోళ్లలో ఆ మొత్తాన్ని తిరిగి ఇచ్చే ఏర్పాటు చేయాలన్నారు. జీతాల దగ్గర అసలు పేచీ వచ్చింది. ఒకే గదిలో ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరి దేశం పన్ను వేసి మరొకరి దేశం వేయకపోతే, సమాన పనికి సమాన జీతం అన్న సూత్రం నిలవదు. అమెరికా 1945 డిసెంబరులో చేసిన అంతర్జాతీయ సంస్థల రక్షణ చట్టం విదేశీ ఉద్యోగుల జీతాలకే మినహాయింపు ఇచ్చింది. 1946 ఒప్పందంలో అమెరికా చేరింది 1970లో. అప్పుడు కూడా తన పౌరుల మీద, శాశ్వత నివాసుల మీద పన్ను వేసే హక్కును అట్టేపెట్టుకుంది.

దీనికి సమితి కనుగొన్న ఉపాయాన్ని మెచ్చుకోవలసిందే. 1948లో ఉద్యోగులందరి జీతాల మీదా ‘స్టాఫ్ అసెస్‌మెంట్’ పేరుతో సొంత పన్ను వంటి కోతను ప్రవేశపెట్టింది. 1955లో పన్ను సమీకరణ నిధిని నెలకొల్పింది. కోత ద్వారా వచ్చిన మొత్తాన్ని సభ్యదేశాల చందాల నిష్పత్తిలో వాటి ఖాతాల్లో జమ చేస్తారు. ఉద్యోగుల జీతాలపై పన్ను వేయని దేశానికి ఆ జమ చందాలో తగ్గింపుగా అందుతుంది; పన్ను వేసే దేశం ఖాతాలోంచి తీసి, ఆ దేశానికి పన్ను కట్టిన ఉద్యోగికి తిరిగి చెల్లిస్తారు. అలా పన్ను వేసిన దేశమే ఆ భారాన్ని మోస్తుంది. ఐరోపా సంస్థలూ తమ ఉద్యోగుల జీతాల మీద తామే పన్ను వసూలు చేసే పద్ధతికి వచ్చాయి. అక్కడ ఎంత సూక్ష్మంగా చూశారంటే, ఐరోపా దేశాల కూటమి అయిన బొగ్గు ఉక్కు సమాజంలో పనిచేసే ఒక ఉద్యోగి జీతాన్ని లెక్కలో కలిపి అతని భార్య ఆదాయం మీద బెల్జియం ఎక్కువ రేటు వేస్తే, 1960లో ఐరోపా సమాజాల న్యాయస్థానం అదీ చెల్లదని కొట్టివేసింది. పేచీ ఖజానాల మధ్య కాబట్టి పట్టుదలగా కూర్చుని పైసా పైసా లెక్క తేల్చారు.

సంస్థ వల్ల నష్టపోయిన బయటివారి విషయంలో ఆ పట్టుదల కనిపించదు. తగరం ధర పడిపోకుండా చూడటానికి లండన్‌లో నడిచిన అంతర్జాతీయ తగరం మండలి, అప్పులు చేసి తగరం కొంటూ పోయి, 1985 అక్టోబరులో చేతులెత్తేసింది. కోట్లాది పౌండ్లు రావలసిన బ్యాంకులు, వ్యాపారులు సభ్యదేశాల మీద దావాలు వేశారు. మండలి వేరు, దాని సభ్యులు వేరు; మండలి అప్పుకు సభ్యదేశాలు బాధ్యులు కారు అని 1989లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న బ్రిటన్ ప్రభువుల సభ తీర్పు చెప్పింది. అప్పులిచ్చినవారు చివరకు రాజీ మొత్తంతో సరిపెట్టుకున్నారు. సంస్థల ఉద్యోగులకు మాత్రం కొంత మేలు జరిగింది. వారి ఫిర్యాదులు వినడానికి నానాజాతి సమితి కాలంలోనే, 1927లో, పాలనా ట్రిబ్యునల్ ఏర్పడింది. ఐరోపా అంతరిక్ష సంస్థకు చెందిన జర్మనీ కేంద్రంలో పనిచేసినవారి కేసులో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 1999లో ఒక కొలత పెట్టింది: సంస్థకు రక్షణ ఇవ్వడం సమంజసమా అన్నది తేల్చేటప్పుడు, ఫిర్యాదుదారుకు సహేతుకమైన వేరే మార్గం ఉందా లేదా చూడాలి. 2013లో స్రెబ్రెనీత్సా తల్లుల వ్యాజ్యం వచ్చేసరికి అదే న్యాయస్థానం ఆ కొలతను బిగించలేదు. సమితి ‘సురక్షిత ప్రాంతం’గా ప్రకటించిన ఆ బోస్నియా పట్టణంలో 1995లో దాదాపు 8 వేల మంది పురుషులు, బాలురు హతమైతే, వారి కుటుంబాలకు వేరే మార్గం లేదన్న ఒక్క కారణంతో సమితి రక్షణ తొలగిపోదని చెప్పింది.

అమెరికాలో మార్పు ఇంకో దిక్కు నుంచి వచ్చింది. అక్కడి 1945 చట్టం అంతర్జాతీయ సంస్థలకు ‘విదేశీ ప్రభుత్వాలకు ఉన్నటువంటి రక్షణే’ ఇచ్చింది. 1976 నాటికి విదేశీ ప్రభుత్వాల వ్యాపార వ్యవహారాలకు రక్షణ పోయింది. అయినా సంస్థలకు 1945 నాటి సంపూర్ణ రక్షణే కొనసాగుతుందని కింది కోర్టులు భావించాయి. గుజరాత్ తీరంలోని ముంద్రా విద్యుత్ కేంద్రానికి ప్రపంచ బ్యాంకు బృందంలోని అంతర్జాతీయ ఆర్థిక సంస్థ 45 కోట్ల డాలర్ల రుణం ఇచ్చింది. ఆ కేంద్రం వల్ల చేపలు, నీరు, గాలి పాడయ్యాయని అక్కడి మత్స్యకారులు, రైతులు వాషింగ్టన్‌లో దావా వేశారు. 2019 ఫిబ్రవరి 27న అమెరికా సుప్రీంకోర్టు, సంస్థల రక్షణ కూడా విదేశీ ప్రభుత్వాల రక్షణతో పాటే మారుతుందని 7-1 మెజారిటీతో తీర్పు ఇచ్చింది. తీర్పు గెలిచినా కేసు గెలవలేదు. ఫిర్యాదుకు మూలమైన పనులు అమెరికాలో జరగలేదన్న కారణంతో కింది కోర్టులు దాన్ని మళ్లీ తోసిపుచ్చాయి. 2022లో సుప్రీంకోర్టు ఇక జోక్యం చేసుకోలేదు.

శాంతిపరిరక్షణ దళాల విషయంలో సమితి ఎన్నడూ చెల్లించలేదని కాదు. కాంగోలో తన దళాల వల్ల బెల్జియం పౌరులకు కలిగిన నష్టాలకు 1965లో బెల్జియం ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని 15 లక్షల డాలర్లు ముట్టజెప్పింది. వారి తరఫున అడగడానికి ఒక బలమైన రాజ్యం ఉంది. 1998లో సర్వప్రతినిధి సభ వ్యక్తిగత హానికి 50 వేల డాలర్ల గరిష్ఠ పరిమితి విధించి, ఫిర్యాదుకు గడువూ పెట్టింది. దళాలు దిగే దేశంతో చేసుకునే ఒప్పందాల్లో స్థానికుల క్లెయిములు వినడానికి స్థాయీ కమిషన్ ఏర్పాటు చేస్తామన్న వాక్యం దశాబ్దాలుగా ఉంటోంది. అటువంటి కమిషన్ ఒక్కటి కూడా ఏర్పడలేదు.

హైతీతో 2004లో కుదిరిన ఒప్పందంలోనూ ఆ వాక్యం ఉంది. 2010 అక్టోబరులో మిర్‌బలే దగ్గరి శాంతిదళాల శిబిరం నుంచి వెలువడిన మురుగు నదిలో కలిసి, శతాబ్దానికి పైగా ఆ దేశం ఎరగని కలరా వ్యాపించింది. 8 లక్షల మందికి పైగా జబ్బుపడ్డారు, సుమారు 10 వేల మంది చనిపోయారు. 2011 నవంబరులో 5 వేల మంది తరఫున పరిహారం కోరుతూ అర్జీ పెట్టారు. ఇది రాజకీయ, విధాన విషయాల సమీక్షకు దారితీస్తుంది కాబట్టి 29వ సెక్షన్ కింద స్వీకరించలేమని 2013 ఫిబ్రవరిలో సమితి జవాబిచ్చింది. తాగే నీటిలో మలం కలవడం విధాన విషయమెలా అవుతుందో ఆ జవాబు వివరించలేదు. న్యూయార్క్ కోర్టుకు వెళితే రెండో సెక్షన్ అడ్డువచ్చింది. 2016 ఆగస్టులో అప్పీలు కూడా ఓడిపోయింది. ఆ డిసెంబరులో ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ హైతీ ప్రజలకు క్షమాపణ చెప్పి, కలరా నిర్మూలనకు, బాధితుల సాయానికి 40 కోట్ల డాలర్ల ప్రణాళిక ప్రకటించారు. ఉద్యోగుల పన్ను సమీకరణకు అవసరమైన సొమ్ము ఏటా బడ్జెట్ లెక్కల్లోంచి తప్పనిసరిగా సమకూరుతుంది. హైతీ నిధిని మాత్రం సభ్యదేశాల ఐచ్ఛిక విరాళాలకు వదిలేశారు. అందులో చాలా కొద్ది భాగమే జమ అయింది.